తక్కువ బడ్జెట్‌లో గేమింగ్, ఎడిటింగ్ కంప్యూటర్: ఏ భాగానికి ఎంత పెట్టాలి?

"డెబ్బై వేలు ఉన్నాయి. గేమ్స్ ఆడాలి, వీడియోలు ఎడిట్ చేయాలి. ఏ ప్రాసెసర్ కొనమంటారు?" అని అడిగేవారికి నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: మీరు ఎడిట్ చేసే వీడియో ఏ కెమెరాది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టి కొన్న కంప్యూటర్‌లో ఆటలు బాగానే నడుస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద నాలుగు పడగానే మాత్రం ఆగి ఆగి కదులుతుంది. కాబట్టి వరుస మార్చండి. ముందు ఫుటేజీ (కెమెరా తీసిన అసలు వీడియో), తర్వాత మానిటర్. ఆ రెండూ తేలాకే గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, మిగతా సరంజామా.

1. మీ ఫుటేజీ ఏ రకమో చూసుకోండి

మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఇప్పుడున్న ఏ పాత కంప్యూటర్‌లోనైనా వేసుకుని, మీరు మామూలుగా ఎడిట్ చేసే క్లిప్ ఒకటి తెరవండి. వచ్చే పెద్ద జాబితాలో మూడు వరుసలు చాలు. ఫార్మాట్ (వీడియోను కుదించిన పద్ధతి) దగ్గర ఏవీసీ అని ఉంటే అది హెచ్.264, హెచ్ఈవీసీ అని ఉంటే హెచ్.265. బిట్ డెప్త్ (రంగుల ఛాయలు ఎంత సూక్ష్మంగా నమోదయ్యాయో) దగ్గర 8 గానీ 10 గానీ ఉంటుంది. క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరాలు ఎంత మిగిల్చారో) దగ్గర 4:2:0 లేదా 4:2:2 ఉంటుంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

ఎందుకంటే, కెమెరా బాగా కుదించి పెట్టిన వీడియోను ఎడిటింగ్‌లో ప్రతి ఫ్రేముకూ విప్పాలి. ఆ పనికోసమే ప్రాసెసర్‌లోని అంతర్గత గ్రాఫిక్స్‌లోనూ, విడి గ్రాఫిక్స్ కార్డులోనూ ప్రత్యేకమైన సర్క్యూట్లు ఉంటాయి. మీ ఫుటేజీ రకం వాటికి తెలిస్తే టైమ్‌లైన్ సాఫీగా సాగుతుంది. తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

ఫోన్ వీడియోలు, యాక్షన్ కెమెరా వీడియోలు, గేమ్ రికార్డింగులు దాదాపు అన్నీ 4:2:0 రకమే. గత ఆరేడేళ్లలో వచ్చిన ఏ మంచి హార్డ్‌వేర్ అయినా వాటిని విప్పగలదు. చిక్కు వచ్చేది కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 దగ్గర. ఇది హెచ్ఈవీసీలో ఉంటే ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన అంతర్గత గ్రాఫిక్స్ విప్పుతుంది. ఎన్‌విడియా కార్డుల్లో ఈ శక్తి ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే వచ్చింది. ఆర్‌టీఎక్స్ 3060, 4060 లాంటి పేరున్న కార్డులకు కూడా 4:2:2 విప్పడం రాదు. అదే 4:2:2 హెచ్.264లో ఉంటే 12, 13, 14 తరాల ఇంటెల్ సర్క్యూట్లూ చేతులెత్తేస్తాయి, ఆర్‌టీఎక్స్ 50 వరుస ఆదుకుంటుంది. కొనుగోలు మొత్తాన్ని తిప్పేయగల సంగతి ఇది. షాపులో దీన్ని మీ అంతట మీరు అడగకపోతే చెప్పేవారు అరుదు.

ఫోన్ వీడియోలతో ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. ఎడిట్ చేస్తుంటే చివరికి వచ్చేసరికి మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంది. దీనికి ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటుకు మార్చుకుని ఎడిట్ చేస్తే సరిపోతుంది.

2. మానిటర్ తేల్చుకోండి

గ్రాఫిక్స్ కార్డు మీద ఎంత బరువు పడుతుందో నిర్ణయించేది మానిటరే. ఈ బడ్జెట్‌లో 24 అంగుళాల 1080పీ, ఐపీఎస్ ప్యానెల్, 100 హెర్ట్జ్ లేదా ఆపైన ఉన్నది తీసుకోండి. ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల్లో 99 శాతం చూపుతుందో లేదో వివరాల్లో వెతకండి. మీరు పసుపుచీర అనుకుని సరిచేసిన రంగు క్లయింట్ ఫోన్‌లో నారింజగా కనబడితే తలనొప్పి మీదే. వంపు తిరిగిన పెద్ద తెరలకు, 240 హెర్ట్జ్ అంకెలకు ఇప్పుడే ఆశపడొద్దు.

3. డబ్బును వాటాలుగా విడదీయండి

ఇక్కడ ధరల పట్టిక ఇవ్వడం లేదు. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి, ఎస్ఎస్‌డీలూ అదే బాట పట్టాయి. ఇలాంటి రోజుల్లో ఈ వారం రాసిన ధర వచ్చే వారానికి పాతబడుతుంది. వాటాలు అంత త్వరగా మారవు. మానిటర్, యూపీఎస్ పక్కన పెట్టి, సీపీయూ డబ్బా వరకు వంద రూపాయలు ఉన్నాయనుకుంటే నా లెక్క ఇలా ఉంటుంది: గ్రాఫిక్స్ కార్డుకు 36, ప్రాసెసర్‌కు 17, ర్యామ్‌కు 14, మదర్‌బోర్డుకు 10, ఎస్ఎస్‌డీకి 10, ఎస్ఎంపీఎస్‌కు (కరెంటు సరఫరా చేసే డబ్బా) 7, క్యాబినెట్‌కు 6. ఆటలకంటే ఎడిటింగే మీకు తిండి పెట్టే పని అయితే గ్రాఫిక్స్ కార్డులోంచి ఆరు రూపాయలు తీసి ర్యామ్‌కూ ఎస్ఎస్‌డీకీ పంచండి. ఎస్ఎంపీఎస్ వాటాను మాత్రం ఎవరి కోసమూ తగ్గించకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

4. గ్రాఫిక్స్ కార్డు

కార్డు మీద ఉండే మెమరీ 8 జీబీకి తగ్గకూడదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ వేసి చూడండి. 4 జీబీ కార్డు అయితే గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందని సందేశం చూపి కూర్చుంటుంది. కొత్త ఆటలు కూడా 1080పీలోనే 8 జీబీని సులువుగా మింగేస్తున్నాయి.

ఎడిటింగ్, ఆటలు రెంటికీ కలిపి నా మొదటి ఓటు ఆర్‌టీఎక్స్ 5060కి. 8 జీబీ మెమరీ, 145 వాట్ల వాడకం, పైన చెప్పిన 4:2:2 సదుపాయం మూడూ ఇందులో ఉన్నాయి. అంత పెట్టలేకపోతే ఆర్‌టీఎక్స్ 5050 చూడండి. ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా వదిలేయదగినది కాదు. 12 జీబీ మెమరీ ఉంది, వీడియో సర్క్యూట్లు బాగుంటాయి. అయితే బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర) రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ తప్పనిసరిగా ఉండాలి, పాత మదర్‌బోర్డులకు ఇది పెట్టకండి. ఆటలే ఎక్కువ, ఎడిటింగ్ అప్పుడప్పుడు అనుకునేవారికి ఏఎండీ రేడియాన్ కార్డులు అదే డబ్బుకు ఎక్కువ ఫ్రేములు ఇవ్వడం మామూలే.

పేర్లలో మోసం ఉంది, జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీదీ ఉంది, 6 జీబీదీ ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు. కానీ 6 జీబీ రకంలో కోర్లు కూడా తక్కువే, 2560కి బదులు 2304. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో అయితే వీడియోను కుదించే ఎన్‌కోడర్ సర్క్యూటే లేదు. ఆట రికార్డు చేయాలన్నా, ఎక్స్‌పోర్ట్ చేయాలన్నా ప్రాసెసర్ మీదే పడాలి.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు అమ్మేవారి దగ్గరే కూర్చుని కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. పాత కార్డుకు కొత్త పేరు రాసి అమ్మితే ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు పట్టేసి, పేరు పక్కనే నకిలీ అని చూపిస్తుంది. ఆ తర్వాత ఏదైనా బరువైన ఆట ఇరవై నిమిషాలు ఆడించండి. గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్‌లోకి వచ్చాయి. వాటిలో ఫ్యాన్లు అరిగినవి ఆ ఇరవై నిమిషాల్లో చప్పుడుతోనే బయటపడతాయి.

5. ప్రాసెసర్

ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉంటే ఈ బడ్జెట్‌కు చాలు. ఎంపిక మూడింటి మధ్య: ఇంటెల్ ఐ5-12400, ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 7600.

ఇంటెల్ వైపు వెళ్తే పేరు చివర ఎఫ్ అక్షరం ఉందేమో చూడండి. ఎఫ్ ఉంటే అంతర్గత గ్రాఫిక్స్ లేనట్టు, అంటే క్విక్ సింక్ అనే వీడియో సర్క్యూట్లూ లేనట్టే. ఎఫ్ రకం ఒకటి రెండు వేలు తక్కువకు వస్తుంది. కేవలం ఆటలకైతే అదే కొనాలి, ఎడిటింగ్‌కు మాత్రం ఆ పొదుపు మంచిది కాదు. మన దగ్గర పెళ్లి వీడియోల స్టూడియోల్లో విరివిగా వాడే ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు క్విక్ సింక్‌తో బాగా పొసగుతుంది. ప్రీమియర్ కూడా దాన్ని వాడుకుంటుంది. ఇంకో లాభం: గ్రాఫిక్స్ కార్డు వారంటీకి వెళ్లిన రోజుల్లో కూడా కంప్యూటర్ తెర వెలుగుతుంది, డెలివరీ ఆగదు. ఆర్‌టీఎక్స్ 50 కార్డు ఎలాగూ కొంటున్నవారికి ఎఫ్ రకంతో నష్టం తగ్గుతుంది గానీ, ఆ వెయ్యి రెండు వేల కోసం ఈ రెండో దారి మూసుకోవడం నాకు నచ్చదు.

రైజెన్ 5 5600 పాత ఏఎం4 సాకెట్‌ది (సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). ఆ సాకెట్ కథ దాదాపు ముగిసింది, కానీ డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే దీనికి మించిన బేరం లేదు. పక్కనే రైజెన్ 5 5500 ఉంటుంది, ఒక్క అంకె తేడాయే కదా అని తీసుకోకండి. 5600లో 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) ఉంటే దానిలో 16 ఎంబీనే. ఆటల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌లో కూర్చునే రైజెన్ 5 7600కు డీడీఆర్5 తప్పనిసరి, ముందే ఖర్చు ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారు ఆ అదనపు ఖర్చు భరించవచ్చు.

6. మదర్‌బోర్డు, ర్యామ్

ఐ5-12400కి హెచ్610 బోర్డు నడుస్తుంది. కానీ చాలా హెచ్610 బోర్డుల్లో ఎస్ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ ఒక్కటే ఉంటుంది, ర్యామ్ స్లాట్లు రెండే. ఎడిటింగ్‌కు రెండో ఎస్ఎస్‌డీ ఏదో ఒక రోజు కావాలి కాబట్టి బీ660 లేదా బీ760 వైపు మొగ్గండి. ఒకే మోడల్ బోర్డు డీడీఆర్4కు ఒకటి, డీడీఆర్5కు ఒకటి అని రెండు రకాలుగా వస్తుంది. ఒకదాని ర్యామ్ మరోదానిలో దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. బిల్లు వేయించే ముందు బోర్డు పూర్తి పేరు, ర్యామ్ రకం సరిచూసుకోండి. బోర్డు కన్నా ప్రాసెసర్ కొత్తదైతే బయాస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగండి.

ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు. 4కే ఎడిటింగ్‌కు 32 ఉండాలి. ఒకే 16 జీబీ స్టిక్ కాకుండా రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే రెండు దారుల్లో డేటా నడిచి వేగం పెరుగుతుంది. అయితే ర్యామ్ ధర మండిపోతున్నప్పుడు, నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుని ఇప్పటికి రెండు ఎనిమిదులతో సరిపెట్టుకుని, ధర దిగాక అదే మోడల్‌వి మరో రెండు వేసుకోవడం తెలివైన పని. డీడీఆర్4లో ఇది సాఫీగా కుదురుతుంది. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు వేస్తే వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది, అక్కడ మొదటే రెండు 16లు కొనాలి.

7. నిల్వ

పెద్ద లెక్కేమీ కాదు. ఐఫోన్‌లో హెచ్ఈవీసీ రకంలో తీసే 4కే 30 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, గంటకు పది జీబీ దాటుతుంది. సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డు చేసే కెమెరా అయితే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో రోజంతా పెళ్లి తీస్తే ఒక్క కార్యక్రమానికే 500 జీబీ దగ్గర పడుతుంది. అందుచేత విండోస్, సాఫ్ట్‌వేర్, ఆటలు, నడుస్తున్న ప్రాజెక్టు కోసం 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పూర్తయిన పనులకు మామూలు హార్డ్ డిస్క్. క్లయింట్ వీడియోకు రెండో కాపీ వేరే డిస్క్ మీద ఉండాలి. ఎం.2 ఆకారంలో ఉన్నవన్నీ ఎన్‌వీఎంఈ కావు, సాటా అనే నెమ్మది రకం కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. పెట్టె మీద చదవండి.

8. ఎస్ఎంపీఎస్: ఎవరికీ కనిపించనిది

బేరం కుదిరాక చివర్లో షాపువాళ్లు "క్యాబినెట్‌తో పాటు ఎస్ఎంపీఎస్ ఫ్రీ" అంటే సంతోషించకండి. పవర్ ఇచ్చే ఈ డబ్బా చెడితే ఒంటరిగా చెడదు, మదర్‌బోర్డునో గ్రాఫిక్స్ కార్డునో వెంట తీసుకుపోతుంది.

దాని పక్కన అతికించిన లేబుల్ చదవడం నేర్చుకోండి, రెండు నిమిషాల పని. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి కింద పట్టికలో +12 వోల్టుల గడి వెతకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ వరుస మీదే. అక్కడ 14 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించండి: 168 వాట్లు. 450 అని రాసిన డబ్బా అసలు సత్తా అంతే. నిజాయితీగా తయారుచేసిన 550 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 45 ఆంపియర్లకు దగ్గరగా ఉంటుంది, అంటే 540 వాట్లు. ఈ గుణకారం షాపులో నిలబడి చేస్తే అవతలివారి మాట తీరే మారిపోతుంది.

ఆర్‌టీఎక్స్ 5060కి ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల యూనిట్. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, కంపెనీ ఐదేళ్ల వారంటీ ఇచ్చేది తీసుకోండి. 80 ప్లస్ అంటే కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్న కొలత, భద్రతకు హామీ కాదు. అయినా ఆ ముద్ర కూడా లేనిదాన్ని ముట్టుకోకపోవడమే నయం.

9. క్యాబినెట్, యూపీఎస్, ఎర్తింగ్

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటే గదిలో ముందువైపు అద్దం బిగించిన క్యాబినెట్ పెట్టడం చేజేతులా ఉడకబెట్టుకోవడమే. ముందు జాలీ, గాలి లోపలికి లాగే రెండు ఫ్యాన్లు, వెనక బయటికి తోసే ఒకటి ఉంటే చాలు. జాలీని నెలకోసారి దులపండి. రంగు లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు ర్యామ్‌లో వేయండి.

యూపీఎస్ విషయంలో లెక్క చూసుకోండి. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు, కార్డు 145, మిగతా భాగాలు ఓ 50, మానిటర్ 25. ఎస్ఎంపీఎస్‌లో పోయే నష్టం కూడా కలిపితే 370 దాటుతుంది. మార్కెట్‌లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే అది కూతపెట్టి ఆగిపోతుంది. 1000 వీఏ లేదా ఆపైది కొనండి. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడితే ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. కొత్త కంప్యూటర్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

10. కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ లాంటి చోట్లకు వెళ్లే ముందు ఆన్‌లైన్ ధరలు భాగాలవారీగా రాసుకుని వెళ్లండి. ఒకే షాపులో మొత్తం సెట్ కాకుండా, రెండు మూడు షాపుల్లో విడివిడిగా కొటేషన్ అడగండి. ఒక షాపు ప్రాసెసర్ మీద తగ్గించి మదర్‌బోర్డు మీద రాబట్టుకుంటుంది. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోనే ఉండాలి. ట్రేలోంచి తీసి ఇచ్చేదానికి కూలర్ రాదు, కంపెనీ మూడేళ్ల వారంటీ కూడా వర్తించదు. 18 శాతం జీఎస్టీతో, సీరియల్ నంబర్లు రాసిన బిల్లు అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామన్న వెయ్యి రూపాయలు తర్వాత వారంటీ కౌంటర్ దగ్గర చాలా ఖరీదవుతాయి.

"ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డుతో, 18 వేలే" అనే ప్రకటనలు చూసే ఉంటారు. అందులోని ఐ7 తరచుగా 2012 నాటి మూడో తరానిది, కార్డు జీటీ 730. ఆ రెంటిలో దేనికీ హెచ్ఈవీసీ విప్పడం రాదు, మీ ఫోన్ వీడియోకే అది చతికిలబడుతుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు.

11. బిగించిన రోజు

మీరే బిగిస్తే, క్యాబినెట్‌లో పెట్టకముందే మదర్‌బోర్డు పెట్టె మీదే ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్‌తో (ప్రాసెసర్‌లో అంతర్గత గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టి) వెలిగించి చూసుకోండి. నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలోకి వెళ్లాలి. డీడీఆర్5 అయితే మొదటిసారి తెర రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి ఆపేయకండి.

తర్వాత మూడు పనులు మరవొద్దు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చండి. బయాస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డు అయితే ఎక్స్‌ఎంపీ, ఏఎం5 అయితే ఎక్స్‌పో అనే, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్ వేయండి. లేకపోతే 3200 వేగానికి డబ్బు కట్టిన ర్యామ్ 2666 దగ్గరో ఇంకా కిందనో నడుస్తూ ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు పెంచండి, చాలా మానిటర్లు మొదట 60 హెర్ట్జ్‌లోనే ఉంటాయి.

ఆ వారంలోనే మొదట్లో కాగితం మీద రాసుకున్న రకం క్లిప్పులు నాలుగు టైమ్‌లైన్ మీద పేర్చి ఆడించండి. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ విభాగం కింద వీడియో డీకోడ్ గీత కదలాలి. అది కదలకుండా ప్రాసెసర్ ఒక్కటే వందకు అంటుకుంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి ఉందేమో చూడండి. అన్నీ సరిగా ఉన్నా తడబడితే ప్రాక్సీ ఫైళ్లు (అదే వీడియోకు తేలికైన నకళ్లు) తయారుచేసుకుని ఎడిట్ చేయండి, ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫుటేజీయే వస్తుంది. ఏ భాగమైనా లోపంతో ఉంటే మార్పిడి గడువు దాటకముందే బిల్లు, పెట్టె పట్టుకుని షాపుకు వెళ్లండి.